ముద్దాయి నంబరు ఒకటి

సంక్షేమ కార్యాలయం వరండాలో ఎదురుచూసేవాళ్ళకు చదువుకోవడానికి ఉన్నది ఒక్కటే. ఎదురుగోడకు పసుపురంగు పూసి, దాని మీద నల్లటి అక్షరాలతో రాయించిన హెచ్చరిక. "భృతి పొందువారి కార్డును ఇతరులు తమ వద్ద ఉంచుకొనుట, వాడుట నేరము. మూడు సంవత్సరముల వరకు జైలు, జరిమానా, లేక రెండును." దాని కింద ఇంకా ఏదో ఉన్నట్టుంది కానీ, లోపల పట్టని ఇనప బీరువా ఒకటి తెచ్చి సరిగ్గా అక్కడే నిలబెట్టారు. ఆ బీరువా పక్కన స్టూళ్ళు వేసుకుని ముగ్గురు బ్రోకర్లు కూర్చుంటారు. ఫారం నింపితే ఇంత, లోపల ఒక మాట చెబితే ఇంత. ఇంట్లోవాళ్ళకు కార్డిచ్చి పంపితే జైలని భయపడే ముసలివాళ్ళను డబ్బు తీసే మెషీను దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళి తీసుకొస్తే ఇంకొంత. జైలు జైలు అని గోడ అరుస్తుంటే దాని కిందే దర్జాగా దుకాణం.

కండక్టరమ్మ ఆ గోడను అప్పటికి పదకొండోసారి చదివింది. చదివిన ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు మండేది. ఇంత స్పష్టంగా రాసి ఉన్నాక, తన అన్నయ్య కార్డు పట్టుకు కూర్చున్న ఆ పెద్దమనిషిని ఇంకా ఎందుకు పట్టుకోరు?

ఆమెకు పేరు లేక కాదు. ఇరవై రెండేళ్ళుగా "కండక్టరమ్మా, ఆపమ్మా" అని అరిపించుకుని, ఇప్పుడు ఇంట్లోవాళ్ళు తప్ప అందరూ అలాగే పిలుస్తారు. ఇంట్లోవాళ్ళంటే ఉన్నది ఒక్క అన్నయ్య. ఆ అన్నయ్యకు మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇక పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు.

అన్నయ్య బోర్డులు రాసే పెయింటరు. దుకాణాలకు, బళ్ళకు, ఆఫీసు గోడలకు, లారీల వెనకాల, ఎక్కడ చూసినా ఆయన అక్షరాలే. ఆ రాసే కుడిచెయ్యే మాటతో పాటు పోయింది, కుడికాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వెయ్యగలడంతే. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. చెప్పాలనుకున్నది ఎడమచేత్తో పలక మీద రాస్తాడు. అక్షరాలు వంకర పోయినప్పుడల్లా తనమీద తనే చిరాకుపడి, చెరిపి మళ్ళీ రాస్తాడు.

మొదటి పద్నాలుగు నెలలూ చెల్లెలే ఇంట్లో పెట్టుకుని చూసింది. ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల భృతి కార్డు మీద వస్తుంది. నెలకోసారి అన్నయ్య పలక మీద పిన్ నంబరు రాసి, ఆమె చూశాక చెరిపేసేవాడు. ఆమె డ్యూటీ దిగి మెషీను దగ్గరికి వెళ్ళి తెచ్చి, చీటీతో సహా ఆయన ఎడమచేతిలో పెట్టేది. తరవాత డిపోలో మనుషులు తగ్గి డబుల్ డ్యూటీలు మొదలయ్యాయి. తెల్లవారకముందు వెళ్ళి పొద్దుపోయాక వచ్చే మనిషి, మంచం మీదున్న మనిషిని ఏం చూస్తుంది? ఒకరోజు వచ్చేసరికి ఆయన నీళ్ళ గ్లాసు కోసం వంగి కింద పడి, మధ్యాహ్నం నుంచి అలాగే ఉన్నాడు. మర్నాడే ఎవరో చెప్పిన సంరక్షణ గృహంలో చేర్పించింది.

ఆ గృహం నడిపే మనిషిని అందరూ బాబాయి అంటారు. వయసులో కండక్టరమ్మకంటే నాలుగేళ్ళు చిన్న. అయినా బాబాయే. ఎనభై ఏళ్ళ ముసలమ్మకూ బాబాయే. వరస కలిపితే చెయ్యి పట్టుకోవడం సులువు, చెయ్యి పట్టుకున్నాక జేబు ఎంత దూరం? "కార్డు మా దగ్గరుంటే భద్రం చెల్లెమ్మా, అందరివీ ఇక్కడే" అన్నాడు. ఇచ్చేసింది. నెలనెలా గృహానికి కట్టాల్సింది ఆమె జీతంలోంచి కడుతూనే ఉంది. భృతి అన్నయ్య సొంతానికి, మందులకు, సబ్బుకు, కళ్ళజోడుకు అని మాట.

ఎనిమిది నెలలుగా అన్నయ్య కళ్ళజోడుకు ఒక అద్దం పగిలి ఉంది. ఒకవైపు కాడ విరిగిపోతే దారంతో చెవికి కట్టుకున్నాడు. ప్రతి ఆదివారం ఆమె వెళ్ళేసరికి పలక మీద "కళ్ళజోడు" అని రాసి ఉండేది. బాబాయిని అడిగితే "వచ్చే వారం చెల్లెమ్మా" అనేవాడు. రెండు నెలల తరవాత అన్నయ్య ఆ మాట రాయడం మానేశాడు. ఆ ఖాళీ పలక చూసిన రోజు ఆమెకు అన్నం సహించలేదు.

ఈలోగా ఆమె పెట్టుకున్న అర్జీ ఫలించింది. వచ్చే నెల నుంచి బస్సు దిగి బస్టాండు కౌంటర్లో ఉదయం డ్యూటీ. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండొచ్చు. అన్నయ్యను తీసుకెళ్తానని ఎగురుకుంటూ వెళ్ళింది.

"అదెలా కుదురుతుంది చెల్లెమ్మా?" అన్నాడు బాబాయి చల్లగా. "ఆఫీసు రిజిస్టరులో సంరక్షకుణ్ణి నేను. మార్చాలంటే నా సంతకం ఉండాలి. ఆయన క్షేమం నాకు ముఖ్యం. నేను పెట్టను."

"ఆయన నా సొంత అన్నయ్యండీ!"

"ఇక్కడున్న అందరికీ నేనే సొంతం కదమ్మా."

అన్నయ్యా రాడు, కార్డూ రాదు. అప్పుడే ఆమె ఫిర్యాదు రాసింది. రాయడంలోనే కొంప ముంచుకుంది.

దానికి ఆమెను తప్పుపట్టి లాభం లేదు, అది ఉద్యోగం నేర్పిన బుద్ధి. కండక్టరు డ్యూటీ ఎక్కేముందు, టికెట్ల లెక్క రాసే వేబిల్లు మీద అన్నిటికంటే పైన తన సొంత డబ్బు ఎంత ఉందో రాసుకోవాలి. టీకి, మందుబిళ్ళకు దాచుకున్న చిల్లర కూడా. రాయకపోతే దారిలో చెకింగ్ వాళ్ళు ఎక్కి జేబు తడిమినప్పుడు ఆ చిల్లర దొంగసొమ్ము అవుతుంది. అందుకని ముందు మనది చెప్పుకోవాలి, తరవాతే లోకానిది. ఇరవై రెండేళ్ళు అలా రాసిన చెయ్యి ఫిర్యాదు కూడా అలాగే మొదలుపెట్టింది. బ్రోకర్లలో ఒకడు తొంగిచూసి "అక్కా, ఆ పేరా తీసెయ్యి, నేను రాసిస్తా" అన్నాడు. వాడు బేరానికి వచ్చాడనుకుని ఆమె కసిరి పంపింది. వాడు చెప్పిన ఒకే ఒక మంచి మాట అదే.

నలభై రోజుల తరవాత లోపలికి పిలిచారు.

విచారణాధికారి రిటైర్మెంటుకి పదకొండు నెలలున్న మనిషి. ఈ పదకొండు నెలల్లో కొత్త ఫైలు పుట్టకుండా చూసుకోవడమే ఆయన ఆశయం. ఒక వాక్యం రాసి పెన్నుకు మూత పెడతాడు, మళ్ళీ తీసి ఇంకొకటి రాస్తాడు. గదిలో ఇంకో మనిషి అటెండరు. ముప్పై ఏళ్ళుగా ఆ ఆఫీసులో ఫైళ్ళు మోసి మోసి, వాటిలో ఏముందో రాసినవాళ్ళకంటే బాగా తెలిసినవాడు.

"ఇది రాసింది మీరేనా?" అన్నాడు అధికారి.

"నేనేనండి."

"చదువుతాను వినండి. 'మొదట నా సంగతి. పద్నాలుగు నెలల పాటు మా అన్నయ్య కార్డు నా దగ్గరే ఉంది. పిన్ నంబరు నాకు తెలుసు. పద్నాలుగుసార్లు నేనే వెళ్ళి తెచ్చాను.' ఇది నిజమేనా?"

"నిజమేనండి. అందుకే ముందు రాశాను."

అధికారి పెన్నుకు మూత పెట్టాడు. "బయట గోడ మీద అంత లావు అక్షరాలతో రాయించి పెట్టాం కదమ్మా, చదవలేదా? ఉంచుకొనుట, వాడుట. రెండూ చేశారు. పద్నాలుగుసార్లు చేశారు. పైగా రాసిచ్చారు."

"నేను ఫిర్యాదు చేసింది ఆయన మీదండి."

"ఆయన దగ్గర అధికార పత్రం ఉంది. మీ అన్నయ్య వేలిముద్ర ఉంది. ఇద్దరు సాక్షులున్నారు. రిజిస్టరులో నమోదుంది. మీ దగ్గరేముంది?"

"అన్నయ్య ఉన్నాడు."

"కాగితం అడుగుతున్నాను."

ఆమె ముందుకు వంగి ఆ పత్రం చూసింది. "ఇది కుడిచేతి బొటనవేలండి. ఆ చెయ్యి చచ్చుబడింది. దోమ వాలినా తోలుకోలేడు. ఎవరు ఎక్కడ నొక్కితే అక్కడ పడుతుంది ఆ వేలు."

"వేలు ఆయనదేనా కాదా?"

"ఆయనదే."

"మరింకేం?"

"అన్నయ్యనే అడగొచ్చు కదండీ! ఇన్ని రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని అడగలేదు."

"మాట రాని మనిషిని ఏం అడగాలి? వాంగ్మూలం ఫారంలో 'చదివి వినిపించగా నోటితో ఒప్పుకొనెను' అని ఉంటుంది. నోటితో."

"రాస్తాడండీ. పలక మీద."

"పలకను ఫైల్లో ఎలా కుట్టమంటారు?" అన్నాడు అధికారి. ఎగతాళిగా అన్న మాట కాదది. నిజంగానే తెలియక అడిగాడు.

ఆఖరికి ఆయన గొంతు తగ్గించాడు. "మీ మంచికే చెబుతున్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. ఆయన మీది కేసూ పోతుంది, మీ మీదిదీ పోతుంది. సోమవారం దాకా టైమిస్తున్నాను. తీసుకోకపోతే మీ మీద కేసు రాయక తప్పదు. ఉద్యోగంలో ఉన్నారు, ఆలోచించుకోండి."

బయటికొస్తే వరండాలో బాబాయి. కంచే చేను మేస్తే కాపు ఏం చేస్తాడంటారు. ఇక్కడ కంచె మేయడమే కాక, మేసినట్టు రసీదు కూడా రాయించుకుంది. "కోపం మనిషికి మంచిది కాదు చెల్లెమ్మా" అన్నాడు నవ్వుతూ. "నువ్వు పద్నాలుగు నెలలు చూశావు, నేను ఏడాదిన్నరగా చూస్తున్నాను. ఇద్దరం చేసింది ఒకటేగా?" ఆ నవ్వు మొహాన టికెట్టు మెషీను పెట్టి కొట్టాలనిపించింది. నిజంగా కొట్టి ఉంటే బాగుండేది, ఆ కేసైతే ఎందుకు పెట్టారో అడిగినవాడికైనా అర్థమయ్యేది.

శనివారం డ్యూటీలో ఆమె బుర్రలో అదే లెక్క. వెనక్కి తీసుకుంటే ఉద్యోగం నిలబడుతుంది, అన్నయ్య దారం కట్టిన కళ్ళజోడుతో అక్కడే ఉంటాడు. తీసుకోకపోతే ఉద్యోగమూ పోతుంది, అన్నయ్యా రాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిండు బస్సు.

మూడో స్టాపులో చెకింగ్ వాళ్ళు ఎక్కారు. ప్రయాణికుల్లో ఒకాయన చేతిలో టికెట్టు లేదు. పడిపోయిందో, ఆమె పరధ్యానంలో ఇవ్వలేదో తెలియదు. చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఒక్క మాట మాట్లాడకుండా ముందు ఆమె భుజం మీది సంచీ తీసుకున్నాడు. బస్సు పక్కకి ఆపించి, సంచీలో ఉన్నదంతా సీటు మీద బోర్లించాడు. టికెట్టు రోళ్ళు, చిల్లర, తాళంచెవి, మందుబిళ్ళలు, అన్నయ్య పాత ఫోటో, అన్నీ ఒక్కొక్కటే లెక్కరాశాడు.

"ఒక్క టికెట్టుకి సంచంతా ఎందుకండీ?" అని డ్రైవరు విసుక్కున్నాడు.

"తప్పు రాశామంటే సంచీ సీజ్ చెయ్యాల్సిందే. అందులో ఏముంటే అది రాయాల్సిందే. వదిలేస్తే రేపు మమ్మల్నంటారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆఖరికి ఆ టికెట్టు ఆ ప్రయాణికుడి చొక్కా మడతలోనే దొరికింది. సంచీ తిరిగి ఇచ్చేశారు. ఆమె మాత్రం సీటు మీద బోర్లించిన ఆ సామాన్ల వైపు చూస్తూ నిలబడింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాక కానీ విజిల్ వెయ్యలేదు.

సోమవారం పొద్దున్నే విచారణాధికారి ముందు నిలబడింది.

"వెనక్కి తీసుకుంటున్నారు కదా?" అన్నాడాయన, మనసులో అప్పటికే ఫైలు మూసేసి.

"లేదండి. తప్పు ఒప్పుకుంటున్నాను. నా మీద కేసు రాయండి."

పెన్ను మూత ఆయన చేతిలోంచి జారింది. "ఏమన్నారు?"

"కార్డు ఉంచుకున్నాను, వాడాను. రాయండి. సంతకం పెడతాను. కానీ ఏ వస్తువుతో నేరం చేశానో ఆ వస్తువు మీ బల్ల మీద ఉండాలి కదండీ? మా చెకింగ్ వాళ్ళయితే సంచీ సీజ్ చెయ్యకుండా ఒక్క అక్షరం రాయరు."

"అదేం అక్కర్లేదు..."

"అక్కరేనండీ" అన్నాడు అటెండరు గుమ్మం దగ్గర్నుంచి. "ముద్దాయి ఒప్పుకుంటే ఆ రోజే వస్తువు స్వాధీనం చేసుకోవాలి. ఇదివరకు ఒక సారు చెయ్యక, పెన్షన్ కాగితాలు రెండేళ్ళు ఆపేశారు. నాకు బాగా గుర్తు."

పెన్షన్ అన్న మాట ఆ గదిలో చట్టంకంటే బాగా పనిచేసింది. అరగంటలో జీపు బయల్దేరింది.

సంరక్షణ గృహంలో పొడుగాటి గది, రెండు వరసల మంచాలు, ఫినాయిల్ వాసన, గొంతు తగ్గించిన టీవీ. కిటికీ పక్క మంచం మీద అన్నయ్య కూర్చుని చెల్లెలి వెనక అధికారిని, అటెండరును చూసి పలక దగ్గరికి తీసుకున్నాడు. ఆఫీసు గదిలో బాబాయి ఎదురొచ్చాడు. అధికారి ముఖం చూడగానే ఆయనకు మర్యాదలు ఎక్కువయ్యాయి.

"ఈవిడ మీద కేసు రాస్తున్నాం. వీళ్ళన్నయ్య కార్డు కావాలి" అన్నాడు అధికారి.

"అయ్యో, దానికి మీరు రావడమెందుకు? కూర్చోండి, టీ తాగండి. నేను తెస్తాను." బాబాయి సొరుగు కొంచెం తెరిచి, చెయ్యి మాత్రం లోపల పెట్టి తడుముకుంటున్నాడు. తడుముతున్నాడు, ఎంతకీ చెయ్యి బయటికి రాదు.

"ఎక్కడినుంచి తీశామో కూడా రాయాలండీ" అంటూ అటెండరు వెళ్ళి సొరుగు పూర్తిగా లాగాడు. అందులో పెద్ద బిస్కెట్ల డబ్బా. మూత తీసి బల్ల మీద బోర్లించాడు.

ముప్పై నాలుగు కార్డులు. ఒక్కొక్క దానికి చుట్టూ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది, కాగితం మీద పిన్ నంబరు. కార్డుల మీద ఫోటోల్లో ముసలి ముఖాలు, వంకర మెడలు, మూసుకుపోయిన కళ్ళు. కండక్టరమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఈయన మా అన్నయ్య పక్క మంచం తాతయ్య. పోయి ఏడు నెలలైంది. నేనే పూలు తెచ్చాను." దానికి చుట్టిన మెషీను చీటీ మీద తేదీ పోయిన వారానిది.

"పోయినవాళ్ళు కూడా నెలనెలా వెళ్ళి తెచ్చుకుంటున్నారన్నమాట" అన్నాడు అటెండరు.

బాబాయి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అధికారి ఆ కుప్పను చూసి, కండక్టరమ్మను చూసి, బిక్కమొహంతో అన్నాడు: "నేను ఒక్క కార్డు కోసం వచ్చానమ్మా." రిటైర్మెంటుకి పదకొండు నెలల ముందు ఆ మనిషికి జరిగిన అన్యాయం అంతా ఆ మాటలో ఉంది. కానీ డబ్బా బోర్లించాక రాయక తప్పుతుందా? సాయంత్రం దాకా రాశాడు. ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్కసారి మూత తీసి, పెట్టి.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది! చట్టం మనిషి కోసం ఆగదు కదా.

కేసు రాశారు. ఫైలు పుట్టిన వరసలో నంబర్లు వేశారు. ఒక్క కార్డు వాడిన చెల్లెలు ముద్దాయి నంబరు ఒకటి, ముప్పై నాలుగు కార్డుల బాబాయి నంబరు రెండు. నంబరు రెండుకు ఆ సాయంత్రమే బెయిలు దొరికింది, ఆయనకు మంచి లాయరున్నాడు. నంబరు ఒకటికి డిపో నుంచి సస్పెన్షన్ కాగితం వచ్చింది. అన్నయ్యను చూసుకోవడానికి కాస్త తీరిక దొరికితే చాలని ఇన్నాళ్ళూ దేవులాడింది. ఇప్పుడు తీరికే తీరిక.

గృహం అనుమతి ఆపేశారు కాబట్టి అన్నయ్య ఇంటికొచ్చాడు. కార్డు మాత్రం రాలేదు. మిగతా ముప్పై మూడింటితో పాటు లక్క ముద్ర వేసిన సంచీలో కూర్చుంది. తీర్పు వచ్చేదాకా అది సాక్ష్యం, అందాకా ఎవరి భృతీ రాదు. "బాబాయి దగ్గర కనీసం పూటకింత తిండి దొరికేది, ఉన్నదీ పోగొట్టావు" అని ఒక ముసలమ్మ కూతురు బజారులో నిలదీసింది. ఆ మాట తప్పని చెప్పడానికి కండక్టరమ్మ దగ్గర ఏమీ లేదు.

చేసింది ఒక్కటే. ఇంట్లో మిగిలినదాంట్లోంచి అన్నయ్యకు కొత్త కళ్ళజోడు చేయించింది.

తాత్కాలిక భృతికి ఇంకో ఫారం ఉందని అటెండరు కబురు పెట్టాడు. దానికి లబ్ధిదారు స్వయంగా కనబడాలి. అలా అన్నయ్య మొదటిసారి ఆ వరండాకు వచ్చాడు. కొత్త అద్దాల్లోంచి ఎదురుగోడను చూశాడు. చూస్తూ చూస్తూ కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. గొంతులోంచి ఏదో శబ్దం చేస్తూ పలక అడిగాడు.

"ఇది నేను రాసింది."

"నువ్వా అన్నయ్యా? ఎప్పుడు?" ఎన్ని గోడలు రాశాడో ఆయనకే లెక్క తెలియదు, ఆమెకేం తెలుస్తుంది?

ఆయన చెరిపి మళ్ళీ రాశాడు. "ఇంకో వరస ఉంది." చెరిపాడు. "చోటు చాలలేదు. అక్షరాలు సన్నం చేశాను." ఆ మూడు ముక్కలు రాసేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. చెయ్యి చాచి బీరువాను చూపించాడు.

ఆమె బీరువాకు భుజం ఆనించింది. లైన్లో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు వచ్చి చెయ్యేశారు. అటెండరు కూడా వచ్చాడు. కీచుమని అరుస్తూ బీరువా మూడడుగులు జరిగింది. వెనకాల గోడకు ఎండ తగలక పసుపురంగు నిన్న పూసినట్టుంది. సాలెగూడు తుడిస్తే, మిగతావాటికంటే సన్నగా ఇరికించిన ఒక వరస బయటపడింది.

"గమనిక: పొందువారి కోరికపై సాయము చేయు కుటుంబ సభ్యులకు ఇది వర్తించదు."

ఆమె ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. ముందు ఏడుపు వచ్చింది, ఏడుపు వెనకాలే కోపం వచ్చింది, కోపమే గెలిచింది.

"సార్!" అని బస్సు మొత్తం వినబడే గొంతుతో పిలిచింది.

అధికారి బయటికొచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. చాలాసేపు చదివాడు, ఉన్నది ఒక్క వరసే అయినా.

"బోర్డు చట్టం కాదమ్మా" అన్నాడు.

"ఆ రోజు ఇదే చూపించి నన్ను ముద్దాయిని చేశారు కదండీ!"

"కనిపించినంతవరకు చెప్పాను. ఇది పాత బోర్డు. తరవాత మారిందేమో తెలియదు. పై ఆఫీసుకి రాస్తాను. జవాబు రావాలి."

"ఎన్నాళ్ళకొస్తుంది?"

"వచ్చినప్పుడు వస్తుంది."

అన్నయ్య పలక మీద ఏదో రాసి అధికారి ముందుకు చాచాడు. ఇన్ని రోజుల్లో ఎవరూ అడగని మనిషి తనే అడిగాడు. "బీరువా ఎవరు పెట్టారు?"

అధికారి చదివి, జేబులోని పెన్ను మూత తడిమి చూసుకుని, అటెండరు వైపు తిరిగాడు. "ముందు ఆ బీరువా ఎక్కడిది అక్కడ పెట్టించు. దారికి అడ్డంగా ఉంది."

అటెండరు కదల్లేదు. ఈలోగా అన్నయ్య కాలీడ్చుకుంటూ వెళ్ళి, బ్రోకరు లేచిన స్టూలును ఎడమచేత్తో లాక్కుని, బీరువా ఉండే చోటులో గోడకు ఆనించి వేసుకున్నాడు. తన సన్నటి వరస తలకు పైన కనబడేలా సర్దుకుని, పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, పోదాం పద" అందామనుకుంది చెల్లెలు. అనలేదు. వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉంటాం సార్. నాకెలాగూ డ్యూటీ లేదు" అంది.

అధికారి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. లైన్లోంచి ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి గోడ వైపు చూసింది.

"అక్కడేం రాసుందమ్మా? నాకు చదువు రాదు."

"మీరు పంపిస్తే మీ ఇంట్లోవాళ్ళు మీ కార్డు తీసుకెళ్ళొచ్చట పెద్దమ్మా. తప్పు కాదట."

"నా మనవరాలు తీసుకెళ్ళినా?"

"తీసుకెళ్ళినా."

ముసలమ్మ ఆ వరస వైపు, గోడవారగా నిలబడ్డ బ్రోకరు వైపు మార్చి మార్చి చూసింది. "ఆరేళ్ళ నుంచి ఈ అబ్బాయికి డబ్బులిస్తున్నానే" అంది. "జైల్లో పెడతారన్నాడు."

బ్రోకరు చెప్పులు వేసుకుంటున్నాడు. అన్నయ్య పలక తుడిచి, ఆరేళ్ళకు ఎంత ఇచ్చిందో ఆవిడ చెబితే రాయడానికి బలపం పట్టుకుని కూర్చున్నాడు.